కుంగిన గచ్చు, పొంగే నురగ



పోయిన వేసవిలో పాల్మాకుల నుంచి ఒక తమ్ముడు నా దగ్గరికొచ్చాడు. చేతిలో నాలుగు కొటేషన్లు. విమానాశ్రయం వచ్చాక శంషాబాద్ చుట్టుపక్కల భూములు ఎలా చేతులు మారాయో మీకు తెలిసిందే. వాళ్ల నాన్న పొలం అమ్మితే ఇతని వాటాకు కొంత డబ్బు వచ్చింది. దాన్ని ఇంకో ప్లాటులో పెట్టకుండా సొంతంగా ఓ పని మొదలుపెట్టాలని అతని ఆలోచన. గోదాముల్లో కుంగిన కాంక్రీటు ఫ్లోరును పగలగొట్టకుండా, కిందికి పాలీయురేథేన్ ఫోమ్ ఎక్కించి మళ్లీ లెవెలుకు లేపే పని. "అన్నా, వీటిల ఏ మిషన్ కొనమంటవ్?" అని అడిగాడు. కాగితాలు తిరగేశాను. నాలుగింటిలోనూ పెద్దక్షరాల్లో ఉన్నవి రెండే సంగతులు: ప్రెషర్ ఎంత, నిమిషానికి ఎన్ని కిలోలు పోస్తుంది.

ఇరవై ఏళ్లుగా గోదాముల ఫ్లోర్లు వేస్తున్నాను, వేసినవి కుంగితే సరిచేస్తున్నాను. ఆ కాగితాలు చూసి నాకు భయమేసింది. తాతల నాటి పొలం డబ్బు అది. "ఇవి పక్కన పెట్టు, ముందు నాతో ఒక గోదాముకు రా" అన్నాను. ఆ రోజు అతనికి చూపించినవీ చెప్పినవీ ఇవాళ మీకూ చెబుతాను.

మా ప్రాంతం నేల తీరు తెలియకపోతే ఈ పని అర్థం కాదు. 2008 మార్చిలో విమానాశ్రయం మొదలైంది. తరువాత ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. ఆ వెనకే బెంగళూరు హైవే పొడుగునా శంషాబాద్, పాల్మాకుల, పెద్ద షాపూర్, కొత్తూరు, నందిగామ దాకా గోదాములు లేచాయి. ఇదంతా గ్రానైటు దేశం. ఒకచోట బండ పైకే కనిపిస్తుంది, వంద గజాలు పోతే ఎర్రమట్టి, ఇంకాస్త పల్లానికి పోతే ఒకప్పటి కుంట. ఇలాంటి ఎగుడుదిగుడు నేల మీద మూడు నాలుగు ఎకరాల గోదామును ఒకే లెవెలుకు కట్టాలంటే మిట్టను కోసి పల్లంలో నింపాలి. కోసిన వైపు గచ్చు బండ మీద కూర్చుంటుంది. నింపిన వైపు గచ్చు మొరం మీద కూర్చుంటుంది. బండ దిగదు. మొరం మాత్రం దిగుతూనే ఉంటుంది, ఏళ్ల తరబడి.

అన్నిటికన్నా ముందు దెబ్బతినేది లారీలు వెనక్కి వచ్చి ఆగే డాక్ అంచు. లారీ తొట్టి ఎత్తుకు సరిపోవాలి కాబట్టి గోదాము ఫ్లోరు బయటి నేలకన్నా దాదాపు నాలుగడుగులు ఎత్తున ఉంటుంది. అంటే అక్కడ గచ్చు కింద ఉన్నదంతా నింపిన మట్టే. దాన్ని ఆపడానికి కాంక్రీటు గోడ. గోడ పక్కదాకా పెద్ద రోలరు పోలేదు, పోతే గోడ ఒరుగుతుంది. ఆ చివరి మీటరు మట్టిని చిన్న కంపాక్టరుతో పలుచని పొరలుగా దిమ్మిస కొట్టాలి. పని తొందరలో అది సగంలో ఆగుతుంది. పైగా లారీకి సరుకు ఎక్కించే ఫోర్క్‌లిఫ్టులన్నీ తిరిగేది సరిగ్గా అక్కడే.

ఆ తమ్ముణ్ని తీసుకుపోయింది అలాంటి డాక్ దగ్గరికే. చేతికి గడ్డపార ఇచ్చి, గచ్చును మెల్లగా కొడుతూ నడవమన్నాను. పది అడుగులదాకా గట్టి చప్పుడు. జాయింటు దాటగానే చప్పుడు మారింది. డొల్ల. ఎండిన సొరకాయ బుర్రను కొట్టినట్టు. మోకాళ్ల మీద కూర్చుని చెవి దగ్గర పెట్టి ఇంకోసారి కొట్టి చూశాడు. అప్పుడే ఒక ఫోర్క్‌లిఫ్టు ఆ జాయింటు మీదుగా పోయింది. పలక అటు చివర ఒక్క క్షణం కిందికి దిగి పైకి లేచింది, జాయింటు సందులోంచి సన్నటి దుమ్ము ఊపిరి వదిలినట్టు పైకి వచ్చింది. కింద ఖాళీ ఉందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇప్పుడు కొటేషన్లలోని ప్రెషర్ సంగతికి వద్దాం. ఆరంగుళాల మందం కాంక్రీటు ఒక చదరపు మీటరుకు సుమారు 360 కిలోలు తూగుతుంది. వినడానికి పెద్ద బరువే. కానీ దాన్ని కిందనుంచి సమంగా నెట్టడానికి కావలసిన ఒత్తిడి చదరపు అంగుళానికి అర పౌండు, అంతే. సైకిలు టైరులో గాలి నలభై పౌండ్లు ఉంటుంది. పక్క పలకలతో పట్టు, కింద మట్టితో అతుకు, అన్నీ కలుపుకున్నా లేపడానికి కావలసింది చాలా తక్కువ. మరి యంత్రం మీద వెయ్యి, రెండు వేల పౌండ్ల ప్రెషర్ ఎందుకు? అది గచ్చును లేపడానికి కాదు. ఫోమ్ అయ్యే రెండు ద్రవాలను, వాటిని చిమ్మే గన్ లోపల ఒకదాన్నొకటి ఢీకొట్టించి కలపడానికి. గచ్చును లేపేది ఫోమ్ పొంగు. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం కొటేషన్లు వాటంతట అవే పక్కకు పోతాయి.

ఆ రెండు ద్రవాల గురించి కాస్త చెప్పాలి. ఒక డ్రమ్ములో ఐసోసయనేట్, గోధుమరంగులో చిక్కగా ఉంటుంది. ఇంకో డ్రమ్ములో పాలియాల్. మా పనిలో మొదటిదాన్ని ఎ సైడ్ అనీ రెండోదాన్ని బి సైడ్ అనీ పిలుస్తాం. 1937లో జర్మనీలోని లెవర్కూజెన్‌లో ఒట్టో బేయర్ బృందం కనిపెట్టిన రసాయనం ఇది. మన కుర్చీల్లో స్పాంజి, కోల్డ్ స్టోరేజీ గోడల్లో పఫ్ ప్యానెల్, చెప్పుల అడుగు, అన్నీ దాని సంతానమే. కుంగిన నేలను దీనితో లేపడాన్ని ఒక వ్యాపారంగా నిలబెట్టింది ఫిన్లాండ్‌లో 1975లో మొదలైన యూరెటెక్. అంతకుముందు సిమెంటు, మట్టి కలిపిన చిక్కని ముద్దను పంపుతో ఎక్కించేవాళ్లు. ఇప్పటికీ ఎక్కిస్తారు.

రెండింటికీ తేడా లెక్కలో చూడండి. పది అడుగులకు పది అడుగుల పలక సగటున ఒక అంగుళం దిగిందనుకుందాం. కింద నిండాల్సిన ఖాళీ పావు ఘనపు మీటరుకు కాస్త తక్కువ. సిమెంటు ముద్దతో నింపితే నాలుగు వందల కిలోలు. అసలే బరువుకు దిగిపోయిన మట్టి మీద ఇంకో నాలుగు వందల కిలోలు మోపుతున్నామన్నమాట. ఫోమ్‌తో నింపితే పదిహేను కిలోలు. గచ్చుకు వేసే రంధ్రం కూడా ముద్దకు నాలుగైదు సెంటీమీటర్లు కావాలి, ఫోమ్‌కు 16 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టు చాలు. ముద్ద గట్టిపడడానికి ఒక రోజైనా ఆగాలి. ఫోమ్ పావుగంటలో చాలావరకు బలం పుంజుకుంటుంది. రోజుకు వందల లారీలు వచ్చిపోయే డాక్‌ను ఒక రోజు మూయమంటే ఏ మేనేజరూ ఒప్పుకోడు. అరగంట అంటే టీకి పోయొస్తాడు.

పదిహేను కిలోలు అన్నాను కదా, అదే యంత్రం సైజు తేల్చేస్తుంది. నిమిషానికి తొమ్మిది కిలోలు పోసే చిన్న యంత్రానికైనా ఒక పలకకు కావలసిన సరుకు రెండు నిమిషాల పని. అదీ ఒక్కసారిగా పోయం. నాలుగైదు సెకన్లు కొట్టి ఆగుతాం, పొంగనిస్తాం, లెవెలు చూస్తాం, మళ్లీ కొడతాం. పాలు పొంగించేటప్పుడు పొయ్యి మంట ఎంత పెద్దదన్నది ఎవరూ చూడరు, ఎప్పుడు దించాలన్న దాని మీదే ఉంటుంది చూపంతా. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. పొంగిన పాలను మంట తగ్గించి దించవచ్చు. ఎక్కువ లేచిన గచ్చును దించలేం. కోసి తీసేయడమే. పెద్ద యంత్రం కొన్నవాడికి వేగం మీద మోజు ఉంటుంది, ఆ మోజుకు మూల్యం కట్టేది గచ్చు.

మరి ఏం చూసి కొనాలి? నా మట్టుకు నేను ఒక్కటే ప్రశ్న అడుగుతాను. తప్పు జరిగితే ఈ యంత్రం నాకు చెబుతుందా, తనంతట తాను ఆగుతుందా?

ఎందుకింత పట్టుదల అంటే, ఒకసారి నా చేతులు కాలాయి. గోడకో కప్పుకో ఫోమ్ కొట్టేవాడికి తప్పు కళ్లెదుటే కనిపిస్తుంది. రంగు మారితే, జిగటగా ఉంటే, గీకి పారేసి మళ్లీ కొడతాడు. మనం కొట్టేది గచ్చు కింద. అక్కడ ఏం జరుగుతోందో చూసే కన్ను లేదు. మొదట్లో నేను ఒక పాత స్ప్రే యంత్రాన్ని అద్దెకు తెచ్చి పని చేశాను. గచ్చు చక్కగా లేచింది, యజమాని సంతోషించాడు, బిల్లు ఇచ్చాడు. నలభై రోజులకు ఫోన్ వచ్చింది, మళ్లీ దిగిపోయిందని. వెళ్లి కోర్ తీసి చూస్తే కింద ఉన్నది ఫోమ్ అనడానికి లేదు, వేలు పెడితే దిగే మెత్తటి, జిగట ముద్ద. ఎ సైడ్ ఫిల్టరులో గడ్డలు కట్టి సరుకు తక్కువ వస్తుంటే, బి సైడ్ మాత్రం నిండుగా వస్తూ పోయింది. రెండూ సమానంగా, ఘనపరిమాణంలో ఒకటికి ఒకటి కలవాలి. ఆ యంత్రానికి రెండు గేజీలు ఉన్నాయి, కానీ గన్ పట్టుకున్నవాడు యాభై మీటర్ల దూరంలో ఉంటాడు. గేజీని ఎవరు చూస్తారు? రెండు పలకలు పగలగొట్టి, ఆ ముద్దంతా తోడి, నా ఖర్చుతో కొత్తగా పోశాను. డబ్బు పోతే పోయింది. ఆ పలకల మీద నా మాట నమ్మి ఫోర్క్‌లిఫ్టు నడిపిన డ్రైవర్ల ముఖాలు ఇప్పటికీ గుర్తొస్తాయి.

అందుకే రెండు వైపుల ప్రెషర్ల మధ్య తేడా హద్దు దాటగానే తనంతట ఆగిపోయే యంత్రమే కొనండి. ఎంత సరుకు పోయిందో, ఏ వేడిలో పోయిందో లెక్క దాచుకునేది అయితే మరీ మంచిది. వేడి ఎందుకంటే, ఈ ద్రవాలు చల్లగా ఉంటే తేనెలా చిక్కగా ఉంటాయి, కలవవు. యంత్రంలో హీటర్లు వాటిని నలభై అయిదు, యాభై డిగ్రీల దాకా తెస్తాయి. కానీ యంత్రం నుంచి గన్ దాకా ఉన్న గొట్టం కూడా అదే వేడి నిలపాలి. గొట్టంలోనే కరెంటు తీగ ఉండే హీటెడ్ హోస్ అది. కొత్తగా కొనేవాళ్లు యంత్రం మీద పెట్టి, గొట్టం దగ్గర పిసినారితనం చేస్తారు. గొట్టం చల్లబడితే వెనకున్న యంత్రం ఎంత గొప్పదైనా దండగ.

కరెంటు సంగతి చాలామంది యంత్రం ఇంటికొచ్చాక ఆలోచిస్తారు. విదేశీ యంత్రాల్లో కొన్ని అక్కడి ఇళ్ల సింగిల్ ఫేజ్, అరవై హెర్ట్జ్ కరెంటుకు చేసినవి. మనది యాభై హెర్ట్జ్, పనికి దొరికేది 415 వోల్టుల త్రీఫేజ్. మోటారు పక్కన రేకు మీద ఏం రాసి ఉందో చదివాకే అడ్వాన్సు ఇవ్వండి. పది కిలోవాట్ల హీటరున్న యంత్రం, దాని మోటారు, పొడవైన గొట్టం, అన్నీ కలిపితే పద్దెనిమిది కిలోవాట్ల దగ్గరికి పోతుంది. దాని పైన కంప్రెసరు, డ్రిల్లు. గోదామువాళ్లు ఆ లోడు ఇస్తారన్న నమ్మకం లేదు. సొంత జనరేటరు పెట్టుకోవాలి. జనరేటరు, కంప్రెసరు, యంత్రం, రెండు వైపుల నిండు డ్రమ్ములు, మనుషులు, ఇదంతా చిన్న పికప్‌లో పట్టదు. నాలుగు వందల ఏడు తరగతి బండి, మూసిన బాడీ ఉన్నది కావాలి. గాలితో నడిచే యంత్రాలు కొందరికి ఇష్టం, ఊళ్లో ఏ కంప్రెసరు మెకానిక్కైనా చేయి పెట్టగలడని. ఆ మాటలో నిజముంది. కానీ వాటికి పెద్ద కంప్రెసరు కావాలి, ఆ గాలి పొడిగా ఉండాలి. మన వానాకాలంలో అది మాటలు కాదు.

తడి అనేసరికి గుర్తొచ్చింది, ఎ సైడ్‌కు నీళ్లంటే పడదు. గాలిలోని చెమ్మ తగిలినా పొర కట్టి, పటికబెల్లం పలుకుల్లా గడ్డలు కడుతుంది. నా పాత యంత్రం ఫిల్టరులో నేను చూసినవి అవే. డ్రమ్ములోంచి సరుకు పోతుంటే ఆ ఖాళీలోకి గాలి పోవాలి కదా, ఆ దారిలో ఒక డ్రైయర్ బిగిస్తారు. లోపల సిలికా గింజలు. నీలంగా ఉంటే పొడిగా ఉన్నట్టు, గులాబీ రంగుకు తిరిగితే చెమ్మ తాగి నిండిపోయినట్టు. యంత్రం ఖరీదులో దాని ధర ఏపాటిది? ఆగస్టులో ఆ గింజలను రోజూ చూడని వాడి యంత్రం దసరాకు షెడ్డెక్కుతుంది. డ్రమ్ములను రేకుల షెడ్డులో పెట్టకండి, మే నెలలో ఉడికిపోతాయి. డిసెంబరు పొద్దుటి పూట చలికి చిక్కబడితే పంపు లాగలేదు, మళ్లీ పాళ్లు తప్పుతాయి.

ఫోమ్‌లోనూ రకాలున్నాయి, ఏది కావాలో తేల్చేది గచ్చు కింది నీరు. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు కట్ట తెగి నీళ్లు హైవే మీద విరుచుకుపడ్డాయి, మనుషులు పోయారు. ఆ రాత్రి ఈ వైపున్న వాళ్లెవరూ మరిచిపోలేరు. ఒక చెరువు తెగితే గాని గుర్తురాదు, నీటికి తన పాత దారి ఎప్పుడూ జ్ఞాపకమేనని. గచ్చు కింద మట్టిని తోడేదీ ఆ నీరే. కప్పు మీది వాన గొట్టం పునాది పక్కనే వదిలేస్తే చాలు, నాలుగు వానాకాలాల్లో సన్న మట్టంతా సందుల్లోంచి పోతుంది. అలాంటి చోట నీటిని నెట్టేసే, తడిలోనూ కుదురుగా పొంగే ఫోమ్ అడగండి. ఇంకో మాట, నీటి దారి మళ్లించకుండా గచ్చు లేపడం దొంగపని. నేను ముందు ఆ గొట్టం సరిచేయించుకోమంటాను. అప్పుడే రేటు చెబుతాను.

నల్లరేగడి మీదైతే అసలు ఒప్పుకోకండి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. మే నెలలో లేపిన గచ్చు ఆగస్టులో ఇంకా లేస్తుంది. పని ఒప్పుకునే ముందు ఊళ్లో పెద్దమనుషులను అడగండి, ఇక్కడ ముందు ఏముండేదని. "అది కుంట శిఖం బిడ్డా, మేం బర్లు కడిగినం" అని చెప్పే తాత ఒకరు ఇంకా ఉంటారు. మట్టి పరీక్ష తప్పకుండా చేయించండి, కానీ ఆ తాత మాట దానికి ముందు వినండి.

ఇక మనుషుల సంగతి. ఐసోసయనేట్ అనగానే మనకు 1984 డిసెంబరు భోపాల్ గుర్తొస్తుంది. అక్కడ లీకైన మిథైల్ ఐసోసయనేట్ వేరు, మన డ్రమ్ములోది వేరు. ఇది అంత తేలిగ్గా ఆవిరి కాదు. అలాగని తేలిగ్గా తీసుకోకూడదు. వేడి చేసి, ప్రెషర్‌తో చిమ్మినప్పుడు సన్నటి తుంపర పీలిస్తే ఊపిరితిత్తులకు దాని అలర్జీ పట్టుకోవచ్చు. తరువాత కొంచెం తగిలినా ఉబ్బసం. అలా ఒకసారి పట్టిందా, ఆ మనిషి ఇక ఈ పని చేయలేడు. ముఖానికి కట్టుకున్న గుడ్డ దీనికి పనికిరాదు. సరైన కార్ట్రిడ్జి మాస్కు, మూసిన చోటైతే బయటినుంచి గాలి అందే మాస్కు, చేతికి రసాయన గ్లవుజులు, కళ్లద్దాలు. యంత్రం బడ్జెటులో మొదటి వరుసలో రాయాల్సినవి ఇవి. ఫోమ్ పొంగేటప్పుడు లోపల వేడి వంద డిగ్రీలు దాటుతుంది. పెద్ద ఖాళీని ఒక్కసారిగా నింపాలని చూస్తే లోపల మాడుతుంది, నిప్పు కూడా పుట్టవచ్చు. పొరలు పొరలుగా, మధ్యలో చల్లారనిస్తూ పోవాలి. దగ్గర్లో వెల్డింగ్ జరుగుతుంటే పని ఆపేయండి.

గన్ గురించి ఒక్క మాట. రోజు పని అయ్యాక గన్ విప్పి, తుడిచి, గ్రీజు పట్టించాలి. ఒక్క సాయంత్రం బద్ధకిస్తే తెల్లారేసరికి అది రాయి. సీళ్లు, ఫిల్టర్లు, ఇంకో గన్ ఎప్పుడూ బండిలో ఉండాలి. అమ్మేవాణ్ని అడగాల్సింది వారంటీ ఎన్నేళ్లని కాదు. ఈ సీలు పోతే హైదరాబాద్‌లో ఏ దుకాణంలో, ఎన్ని రోజుల్లో దొరుకుతుందని. పఫ్ స్ప్రే చేసేవాళ్లు నగరంలో ఉన్నారు, వాళ్లు ఏ యంత్రం వాడుతున్నారో, ఎవరు బాగుచేస్తున్నారో వెళ్లి చూడండి. పెద్ద పేరున్న యంత్రం మూలన పడి ఉంటే, చిన్నది పదేళ్లుగా తిరుగుతుండవచ్చు.

ఇవన్నీ విన్నాక ఆ తమ్ముడు కొటేషన్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంకా కొనలేదు. మా బండితో తిరుగుతున్నాడు, ఇప్పటికి మూడు నెలలు. రోజూ పొద్దున ప్లాస్టిక్ బకెట్‌లో మొదటి ఫోమ్ కొట్టించి, గట్టిపడ్డాక కోసి, తూకం వేసి పుస్తకంలో రాసేది ఇప్పుడు అతనే. పెళుసుగా విరిగితే ఎ సైడ్ ఎక్కువైందని, మెత్తగా అంటుకుంటే బి సైడ్ ఎక్కువైందని వేళ్లతోనే చెప్పేస్తున్నాడు.

పోయిన వారం మళ్లీ ఒక డాక్ దగ్గర పని. గచ్చు మీద లేజర్ లెవెల్ పెట్టాం. అయినా మా మేస్త్రికి నీళ్ల ట్యూబు లేకపోతే తృప్తి ఉండదు. ఒక చివర అతను, ఇంకో చివర తమ్ముడు పట్టుకున్నారు. గన్ నా చేతిలో ఉంది. నాలుగు సెకన్లు కొట్టి ఆగాను. నేల కింద మెల్లగా కిర్రుమంది. జాయింటు దగ్గర పలక పన్నెండు మిల్లీమీటర్ల నుంచి ఎనిమిదికి, ఎనిమిది నుంచి నాలుగుకు వచ్చింది. ఇంకొక్క దెబ్బ కొడదామని వేలు ట్రిగ్గర్ మీదికి పోయింది. ట్యూబులో నీటి గీత మీదనుంచి కన్ను తీయకుండానే అరిచాడు తమ్ముడు, "ఆగన్నా, లోపల ఇంకా లేస్తుంది."

ఆగాను. నిజమే, ఇంకో మూడు మిల్లీమీటర్లు లేచి నిలిచింది.